చెక్క చప్పుడు

"వాళ్ళమ్మే వాచీ పట్టుకుంటే ఇంకెవరి పిల్ల గెలుస్తుందండీ?"

కండక్టరమ్మ ఆ మాట గొంతు పెంచి అనలేదు. ఖాకీ చొక్కా మీద టికెట్ల సంచీ వేలాడుతుండగా, డ్యూటీకి వెళ్తూ దారిలో ఆగిన మనిషిలా హెడ్‌మిస్ట్రెస్ బల్ల ముందు నిలబడి, ఎండ ఎక్కువగా ఉందన్నంత మామూలుగా అంది. హాజరు పుస్తకం ఇవ్వడానికి అప్పుడే గుమ్మంలోకి వచ్చిన సైన్సు టీచరు చెవిన అది పడనే పడింది.

నిన్న సోమవారం బడి మైదానంలో వంద మీటర్ల పరుగు పెట్టారు. నాలుగే గీతలున్న మైదానం కాబట్టి ఆడపిల్లల్ని రెండు జట్లుగా పరిగెత్తించారు. మొదటి జట్టులో సైన్సు టీచరు కూతురు అమ్మలు ముందొచ్చింది, పదమూడు పాయింట్ నాలుగు సెకన్లు. రెండో జట్టులో ఈ కండక్టరమ్మ కూతురు, అందరూ పొట్టి అని పిలిచే పిల్ల ముందొచ్చింది, పదమూడు పాయింట్ ఆరు. బడి మొత్తానికి క్రీడా హాస్టల్లో ఒక్కటే సీటు. తిండి, చదువు, శిక్షణ, అన్నీ వాళ్ళే చూసుకుంటారు. దరఖాస్తు శుక్రవారం సాయంత్రంలోగా వెళ్ళిపోవాలి. సీటు అమ్మలుకని నోటీసు బోర్డులో పెట్టేశారు కూడా.

మొదటి జట్టుకి వాచీ పట్టింది సైన్సు టీచరే. డ్రిల్లు మాస్టారు బతిమాలి పిలిచాడు. ఆవిడ చేతిలో వాచీ ఉంటే ఇంకెవరూ నోరెత్తరని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఊరికే వచ్చింది కాదు. అర మార్కు దగ్గర కన్న కూతురికీ మినహాయింపు ఇవ్వని మనిషి ఆవిడ. పాలు పొంగడానికి క్షణం ముందు స్టవ్ కట్టేయడమే తప్ప ఆవిడ ఇంట్లో పాలు పొంగిన దాఖలా లేదు. ఒక జట్టు అవగానే గంట కొట్టడంతో క్లాసుకి వెళ్ళిపోయింది. రెండో జట్టుకి మాస్టారే వాచీ పట్టుకున్నాడు.

"నేను దొంగ లెక్క రాశానంటారా?" టీచరు లోపలికి వచ్చింది. హాజరు పుస్తకం బల్ల మీద కాస్త గట్టిగానే పడింది.

కండక్టరమ్మ వెనక్కి తిరిగి చూసింది కానీ తడబడలేదు. "దొంగ అన్లేదు టీచరుగారూ. మా పిల్ల పరిగెడుతుంటే గోడ అవతల బస్సులోంచి చూశాను. మీ అమ్మాయిదీ చూశాను. ఏమో, నా కళ్ళకి అట్లా అనిపించలేదు. ఇద్దర్నీ ఒకేసారి పక్కపక్కన పరిగెత్తించండి. ఎంతసేపండీ, ఐదు నిమిషాల పని."

హెడ్‌మిస్ట్రెస్ ఆశగా టీచరు వైపు చూసింది. సరేనంటే అక్కడితో గొడవ తీరిపోయేది. టీచరుకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇరవై రెండేళ్ళలో ఆవిడని ఎవరూ ఇంత మాట అనలేదు.

"మళ్ళీ పరిగెత్తిస్తే నేను తప్పు చేశానని ఒప్పుకున్నట్టే కదా! అక్కర్లేదు. నా చెయ్యి ఎంత నిఖార్సుగా ఉంటుందో లెక్క కట్టి చూపిస్తాను. వేరే ఎవరి చేతో కాదు, మీ అమ్మాయి చేతే కట్టిస్తాను."

"మీ లెక్కలు నాకు తెలీవమ్మా" అంది కండక్టరమ్మ సంచీ సర్దుకుంటూ. "బస్సు టైమవుతోంది, వస్తాను."

*

తొమ్మిదో తరగతికి అప్పుడు చలనం పాఠం నడుస్తోంది. అమ్మలూ పొట్టీ ఇద్దరూ ఆ తరగతే. బుధవారం పొద్దున టీచరు అందరినీ మైదానంలోకి తీసుకెళ్ళింది. చేతిలో టేపు, సంచిలో ఎర్ర గుడ్డ జెండాలు, మెడలో ప్రయోగశాల వాచీ. ఐదు, యాభై, వంద మీటర్ల దగ్గర జెండాలు పాతించింది. మనుషులూ జంతువులూ నిలబడ్డ చోటి నుంచి ఎంత త్వరగా వేగం పుంజుకుంటారో కొలవడం ఆ రోజు పాఠం. డ్రిల్లు మాస్టారు రెండో వాచీతో తయారయ్యాడు.

జంతువుగా వాచ్‌మన్ కుక్క వచ్చింది. దాని పేరు మంత్రి. గిన్నె కనిపిస్తే తప్ప ఎవరి గుమ్మం ఎక్కదని ఆ పేరు పెట్టారు. గిన్నె పట్టుకుని వాచ్‌మన్ జెండా అవతల నిలబడాలి, ఒకడు కుక్కని పట్టుకుని చప్పుడు కాగానే వదలాలి, అదీ ఏర్పాటు. మొదటిసారి వదలగానే మంత్రిగారు గిన్నెని లెక్కచేయకుండా పిల్లల టిఫిన్ డబ్బాల వైపు దౌడు తీశారు. పిల్లలు కడుపు పట్టుకుని నవ్వారు. టీచరు నవ్వలేదు. డబ్బాలన్నీ క్లాసులో పెట్టించి మళ్ళీ మొదలుపెట్టమంది.

పరుగు మొదలుపెట్టించడానికి ఆ బడిలో తుపాకీ లేదు. మడత బందుతో కలిపిన రెండు చెక్క పలకలున్నాయి, చాచి ఒకదానికొకటి కొడితే ఠప్పని మోగుతాయి. నిన్న మొన్నటి దాకా బెంచీగా ఉన్న చెక్కే అది.

ముందు ఐదు మీటర్లు. మంత్రి ఒకటి పాయింట్ ఒకటి సెకన్లలో జెండా దాటింది. పొట్టికి ఒకటిన్నర పట్టింది. అమ్మలుకి ఒకటి పాయింట్ ఆరు.

"దూరాన్ని రెండింతలు చెయ్యండి, కాలం వర్గంతో భాగించండి" అంది టీచరు.

కుక్క త్వరణం ఎనిమిది పాయింట్ మూడు వచ్చింది. పొట్టిది నాలుగు పాయింట్ నాలుగు, అమ్మలుది మూడు పాయింట్ తొమ్మిది.

"మంత్రిగారు మనకి రెట్టింపండోయ్!" అన్నాడు ఒకడు.

"దానికి నేలని తన్నడానికి నాలుగు కాళ్ళున్నాయి, నీకు రెండే. అందులో ఒకటి ఎప్పుడూ కిటికీ మీదే ఉంటుంది" అంది టీచరు. అన్నదే కానీ ఆవిడ చూపు పొట్టి అంకె మీదే ఉంది. ఆ పిల్ల చప్పుడుతో పాటే నేలమీంచి లేచిపోతోంది. అమ్మలు పొడుగు పిల్ల, నిటారు కావడానికి సమయం తీసుకుంటుంది, వేగమంతా తర్వాత వస్తుంది. మొదట్లో వెనకబడితే మాత్రమేం, వందకి అందుకుంటుందిలే అని మనసుకి సర్దిచెప్పుకుంది.

ఆ తర్వాత అసలు పని. యాభై దగ్గరా, వంద దగ్గరా తనూ మాస్టారూ పక్కపక్కన నిలబడి ఒకే పరుగుని వేర్వేరు వాచీలతో కొలిచారు. ఇద్దరు పిల్లలూ ఒకరి తర్వాత ఒకరు మూడేసిసార్లు, కుక్క రెండేసిసార్లు. తన చెయ్యీ మాస్టారి చెయ్యీ ఒకే మాట చెబితే ఇంక కండక్టరమ్మే కాదు, ఎవరొచ్చినా నోరెత్తలేరు.

ప్రతి పరుగుకీ టీచరు తల వంచి వాచీలో సున్నాలన్నీ ఉన్నాయో లేదో చూసుకుంది, మళ్ళీ చూసుకుంది, బొటనవేలు మీట మీద ఆనించి చెవులు రిక్కించింది. ఠప్. నొక్కింది. పక్కన మాస్టారు మెడ కొంగలా చాచి దూరంగా ఉన్న పలకల వైపే చూస్తున్నాడు, వాచీ ఉన్న చెయ్యి ఎక్కడుందో ఆయనకే పట్టనట్టు. ఇంత నిర్లక్ష్యంగా పట్టుకుంటే అంకెలు సరిగా ఎలా వస్తాయని టీచరు లోలోపల విసుక్కుంది. అంకెలన్నీ ఒక పిల్ల చేత రాయించింది, తను మాత్రం పుస్తకం తెరవలేదు. ముందే చూస్తే మనసు ఎటో మొగ్గుతుందని ఆవిడ భయం.

*

గురువారం రెండో పీరియడ్‌లో పొట్టిని బోర్డు దగ్గరికి పిలిచింది.

ఆ పిల్ల పై దాకా అందక స్టూలు లాక్కుని ఎక్కి రాయడం మొదలుపెట్టింది. ఒక వరుసలో మాస్టారి అంకెలు, పక్కన టీచరువి, మూడో వరుసలో తేడా. తేడాలు ఒకసారి ఇటూ ఒకసారి అటూ ఉండాలి, అంతా కలిపితే సున్నా దగ్గరికి రావాలి. మనుషుల చేతులన్నాక అంతే. సుద్దముక్క కిర్రుమంటుంటే టీచరు చేతులు కట్టుకుని కిటికీ పక్కన నిలబడింది.

తేడాలన్నీ ఒకవైపే వచ్చాయి. యాభై మీటర్ల దగ్గర టీచరు వాచీ ప్రతిసారీ ఇంచుమించు సెకనులో ఒకటిన్నర పదో వంతు తక్కువ చూపించింది. వంద దగ్గర మూడు పదో వంతులు తక్కువ.

క్లాసు గుసగుసలాడింది. మూడో బెంచీలో అమ్మలు పెన్ను మూత నములుతోంది.

"మాస్టారి వాచీ పరిగెడుతోంది టీచర్, మంత్రి లాగా" అన్నాడు వెనకనుంచి ఒకడు.

టీచరుకి ప్రాణం లేచొచ్చింది. "కావచ్చు. ఆ వాచీ తొందరగా నడుస్తుంటే పరుగు పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది. అది వాచీ జబ్బు" అంది.

పొట్టి బోర్డు వైపే చూస్తూ నెమ్మదిగా తల అడ్డంగా ఊపింది. "వాచీ అయితే కుక్కకి తేడా తక్కువ రావాలి కదా టీచర్."

"ఏం?"

"మాకు వంద మీటర్లకి పద్నాలుగు సెకన్లు దాకా పట్టింది. కుక్కకి ఎనిమిదే. వాచీ తొందరపడి పద్నాలుగు సెకన్లలో మూడు పదో వంతులు తేడా పడితే, ఎనిమిదిలో రెండు కూడా పడకూడదు." సుద్దముక్కతో మంత్రి వరుస చూపించింది. "దీనికీ మూడే వచ్చింది. ఎంత సేపు పరిగెత్తామన్నది కాదు టీచర్, ఎంత దూరమన్నదే…"

అక్కడ ఆగిపోయింది. ఆలోచన చేతి దాకా ముందే వచ్చేసినట్టు బోర్డు మూలన చిన్నగా వంద రాసి, మూడు వందల నలభైతో భాగించి, పక్కన సున్నా పాయింట్ రెండు తొమ్మిది అని వేసింది. గాలిలో శబ్దం సెకనుకి మూడు వందల నలభై మీటర్లు పోతుందని ఈ టీచరే పోయినేడాది ఆ పిల్లకి చెప్పింది. ఏటా చెబుతుంది.

పొట్టి వెనక్కి తిరిగి టీచరు ముఖంలోకి చూసింది. టీచరు చూపు ఆ అంకె మీదే ఉంది. పొట్టి డస్టరు తీసుకుని ఆ మూలని ఒకే ఒక్కసారి గట్టిగా తుడిచేసింది.

"తర్వాత తెలీదు టీచర్" అంది, స్టూలు దిగి చేతులు దులుపుకుంటూ.

గంట కొట్టారు. పిల్లలు గోలగా లేచారు. మూలన రాసింది ఎవరూ పట్టించుకోలేదనే అనుకుంది టీచరు.

*

సాయంత్రం ఇంట్లో టీచరు స్టవ్ ముందు నిలబడింది. ఇరవై రెండేళ్ళ జాగ్రత్తే ఆవిడని ముంచింది. సున్నాలు చూసుకుందామని తల వంచింది కాబట్టి పలకలు కలవడం చూడలేదు, చప్పుడు విన్నాకే మీట నొక్కింది. ఆ చప్పుడు వంద మీటర్లు నడిచి వచ్చేసరికి పిల్లలు అప్పటికే పరుగులో ఉన్నారు. ఆ మూడు పదో వంతులు తన వాచీలో పడనేలేదు. అమ్మలుది పదమూడు పాయింట్ నాలుగు కాదు, ఏడు. పొట్టిది ఆరు.

గదిలో అమ్మలు కొత్త బూట్లకి తాళ్ళు ఎక్కించి, విప్పి, మళ్ళీ ఎక్కిస్తోంది. హాస్టల్‌కని పోయిన నెలలోనే కొనిపించుకుంది. సీటొస్తే వేసుకుంటానని ఇంతవరకూ నేల మీద పెట్టలేదు.

"అమ్మా, ఫారం రేపే కదా పంపేది?"

"రేపే."

"సాయంత్రమా, పొద్దున్నేనా?"

"సాయంత్రం. ఎందుకు?"

"ఊరికే." అమ్మలు మళ్ళీ తాడు విప్పింది. "ఆకలిగా లేదు, నేను తినను."

చెప్పేయాలని టీచరు రెండుసార్లు నోరు తెరిచింది. ఆ పిల్ల మూడేళ్ళుగా తెల్లారకముందే లేచి పరిగెడుతోంది. పొట్టి ఎవరికీ చెప్పదు, అది ఖాయం. మాస్టారికి ఈ లెక్కలు పట్టవు. ఒక్క రోజు నోరు మూసుకుంటే చాలు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, వేసినా ఆలోచన మాత్రం పోలేదు. ఎదురుగానే పాలు పొంగి స్టవ్ ఆరిపోయేదాకా ఆవిడకి తెలియలేదు.

*

శుక్రవారం పొద్దున్నే ఆటల సామాను గదికి వెళ్ళింది. డ్రిల్లు మాస్టారు బంతులకి గాలి కొడుతున్నాడు.

"మాస్టారూ, మీరు వాచీ దేన్ని బట్టి నొక్కుతారు?"

"పలకల్ని చూసి. కలిశాయా, నొక్కేస్తాను. వినకు, చూడు అని మాకు నేర్పిన ఆయన చెవి మెలేసి మరీ చెప్పాడు. ఎందుకో నాకూ తెలీదు, అలవాటైపోయింది."

"నేను విని నొక్కాను."

ఆయన పంపు ఆపాడు. టీచరు చెప్పుకుపోతుంటే మొదట అర్థం కానట్టు, ఆ తర్వాత అర్థమైనా అక్కర్లేదన్నట్టు చూశాడు. చివరికి తలుపు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "పోనిద్దురూ మేడమ్. సంతకాలు కూడా అయిపోయాయి. మూడు పదో వంతులంటే కళ్ళు మూసి తెరిచేంత! ఎవరికి తెలుస్తుంది చెప్పండి?"

"నాకు తెలిసిపోయింది కదండీ" అంది టీచరు.

రెండో పీరియడ్‌లో మళ్ళీ పొట్టిని లేపింది. "నిన్న ఆ మూల తుడిచేశావే, అది మళ్ళీ రాయి."

"ఏది టీచర్?"

"నీకు తెలుసు."

పొట్టి కదల్లేదు. టీచరే సుద్దముక్క ఆ పిల్ల చేతిలో పెట్టింది. "మంచి మనసుతో తుడిచావమ్మా. కానీ లెక్కని తుడవకూడదు."

ఆ పిల్ల రాసింది, ఈసారి నడి బోర్డు మీద. టీచరు క్లాసు వైపు తిరిగి పాఠం చెప్పినట్టే చెప్పుకొచ్చింది. చప్పుడు వంద మీటర్లు రావడానికి ఎంత పడుతుందో, మాస్టారు ఎక్కడ చూశారో, తను ఎక్కడ చూసిందో చెప్పింది. "మొన్న అమ్మలు పరుగు పదమూడు పాయింట్ నాలుగని రాశాను. అది తప్పు. ఏడు" అంది. మూడో బెంచీ వైపు చూసే ధైర్యం లేక తలుపు గడియ వైపు చూస్తూ అంది. "ఇప్పుడు ఇద్దరికీ తేడా ఒక్క పదో వంతు. అంత చిన్నదాన్ని మనిషి చెయ్యి పట్టుకోలేదు. అందుకని నాలుగు గంటలకి ఇద్దరూ పక్కపక్కన పరిగెత్తుతారు. కండక్టరుగారు మొదటి రోజే అడిగారు, నేనే వినలేదు."

అమ్మలు తలొంచుకుని పుస్తకంలో ఏదో రాసుకుంటూనే ఉంది.

నాలుగు గంటలకి బడి మొత్తం గోడ వారన చేరింది. హెడ్‌మిస్ట్రెస్ దరఖాస్తు ఫైలు చంకలో పెట్టుకుని నిలబడింది. టీచరు మెడలో వాచీ లేదు. చేతులు ఏం చేసుకోవాలో తోచక గమ్యం గీత దగ్గర రిబ్బను ఒక కొస పట్టుకుంది, రెండో కొస మాస్టారు పట్టుకున్నాడు. అవతలి చివర వాచ్‌మన్ పలకలు పైకెత్తాడు. అమ్మలు కొత్త బూట్లు వేసుకోలేదు, పాతవాటితోనే వంగింది.

ఈసారి టీచరు పలకల్నే చూసింది.

అవి కలిశాయి. చప్పుడు లేదు. పిల్లలిద్దరూ చేతులు నేల మీంచి ఎత్తేశారు. అప్పుడొచ్చింది ఠప్పని, ఆలస్యంగా, తీరిగ్గా. అంత పెద్ద సందు ఇన్నాళ్ళూ కళ్ళ ముందే ఉండీ కనిపించనందుకు ఆవిడకి ఏడుపు ముంచుకొచ్చింది.

పొట్టి మొదటి అడుగుల్లోనే మనిషి పొడవు ముందుకి దూకేసింది. యాభై దాటాక అమ్మలు పొడుగు కాళ్ళు అందుకోవడం మొదలుపెట్టాయి. మనిషి పొడవు కాస్తా సగమైంది, ఇంకా తగ్గింది. అందుకో తల్లీ, అందుకో అని టీచరు లోపల అరుస్తూనే ఉంది, దాన్ని ఆపుకోవాలని కూడా ఆవిడకి తోచలేదు. రిబ్బను పొట్టి ఛాతీకి తగిలి టీచరు వేళ్ళలోంచి జారిపోయింది.

*

ఇంటికి వెళ్ళే బస్సు కండక్టరమ్మదే. పొట్టి ఫారం మీద కొత్తగా సంతకాలు పెట్టడానికి బడిలోనే ఉండిపోయింది. టీచరు కిటికీ పక్కన కూర్చుంది. అమ్మలు వచ్చి తల్లి పక్కన కాకుండా ముందు సీట్లో కూర్చుంది.

"రెండా?" కండక్టరమ్మ టికెట్లు చింపుతూ టీచరు ముఖం చూడకుండానే అడిగింది.

"మీ పొట్టి గెలిచింది ఆంటీ" అంది అమ్మలు.

కండక్టరమ్మ చెయ్యి ఆగింది. "ఏంటి?"

"ఇద్దరం కలిసి పరిగెత్తాం. ఇంత తేడాతో గెలిచింది." అమ్మలు మోచెయ్యి సీటు కమ్మీ మీద ఆనించి వేళ్ళు చాపింది. మూరెడు.

కండక్టరమ్మ ఆ మూరెడు చెయ్యి వైపు చాలాసేపు చూసింది. ఆ తర్వాత టీచరు వైపు చూసింది. "తప్పు నాదేనమ్మా. మీరు అడిగిన రోజే వినాల్సింది" అంది టీచరు. కండక్టరమ్మ అమ్మలు తల మీద ఒక్క క్షణం చెయ్యి పెట్టి ముందుకెళ్ళిపోయింది. తర్వాత రెండు స్టాపుల్లో విజిల్ వేయడం మర్చిపోతే డ్రైవరు అద్దంలోంచి కేకలేశాడు.

మూడో స్టాపు దగ్గర అమ్మలు లేచొచ్చి తల్లి పక్కన కూర్చుంది. ఒళ్ళో బూట్ల సంచి ఉంది. దాని తాడు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

"అమ్మా."

"ఊఁ."

"నిన్న పొట్టి బోర్డు మూల తుడిచినప్పుడు నేను కూడా చూశాను. అప్పుడే అర్థమైంది."

టీచరు కూతురి వైపు తిరిగింది. నిన్న సాయంత్రం తాళ్ళు విప్పి ఎక్కించడం, ఫారం ఎప్పుడు పంపుతారని అడగడం, అన్నం వద్దనడం, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు కదిలాయి.

"నువ్వు చెప్తావా చెప్పవా అని చూస్తూ కూర్చున్నాను" అంది అమ్మలు కిటికీలోంచి బయటికి చూస్తూ. "నువ్వు చెప్పకపోయుంటే నేను చెప్పేదాన్నో లేదో నాకు తెలీదమ్మా."

టీచరు ఆ తాడు చుట్టుకున్న వేలు మీద చెయ్యి వేసింది. "రాత్రి దాకా నాకూ తెలీదు" అంది.

బస్సు కుదుపుకి అమ్మలు తల వచ్చి భుజానికి తగిలింది. ఆ పిల్ల దాన్ని వెనక్కి తీసుకోలేదు.